మొటిమల మొక్కు

పోయిన నెలలో మా మేనకోడలు హారికను చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాను అనడం కంటే, బతిమాలి, అలిగి, చివరికి ఆటోను ఇంటిముందుకే పిలిపించి ఎక్కించాను అంటే సరిగ్గా ఉంటుంది. హారిక మా తమ్ముడు రమణ కూతురు. తమ్ముడూ మరదలూ త్రిపురాంతకం దగ్గర మా ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నారు. పిల్ల ఇంటర్ చదువు కోసం మార్కాపురంలో నా దగ్గర ఉంటోంది. నేను బడి పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయిన తర్వాత ఇంట్లో మేమిద్దరమే. కరోనా పోయి ఇన్నాళ్ళయినా ఆ పిల్ల ముఖానికి మాస్కు మాత్రం పోలేదు. మొదట్లో దుమ్మంటే పడదేమో అనుకున్నాను. తర్వాత అన్నం కూడా గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. తలనొప్పి అని కాలేజీ మానేసింది. పొద్దస్తమానం స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ముఖం కడుగుతూనే ఉండేది. ఆ నీళ్ళ చప్పుడు వింటూ మంచం మీద పడుకుని ఉంటే నాకు కోపం రాలేదు, జాలి కూడా రాలేదు. అలసట వచ్చింది. ఇదంతా మళ్ళీనా అనిపించింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, నా కూతురు ఈడు ఉంటుందేమో. హారిక చేత మాస్కు తీయించి, దీపం దగ్గరికి లాగి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బుగ్గల మీద, దవడ కింద ఎర్రగా, గట్టిగా లేచిన గడ్డల్ని వేలితో మెల్లగా తాకింది. ఆ వయసులో నా ముఖాన్ని అట్లా ఎవరూ తాకలేదు. "దీన్ని మొటిమలు అని తేలిగ్గా అంటాం గానీ, ఇది కూడా ఒక జబ్బే తల్లీ," అని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "చర్మం కింద చిన్నచిన్న నూనె గ్రంథులు ఉంటాయి. ఈ వయసులో హార్మోన్లు పెరిగి నూనె ఎక్కువ ఊరుతుంది. పైన రంధ్రం మూసుకుపోతుంది. లోపల మామూలుగా అందరికీ ఉండే సూక్ష్మక్రిములే అక్కడ పెరిగి, వాచి, చీము పడుతుంది. అంతే. నువ్వు ముఖం కడగక వచ్చింది కాదు. కడిగే కొద్దీ, రుద్దే కొద్దీ ఇంకా రేగుతుంది. తిండి వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుందేమో గానీ, తిండి వల్లనే వచ్చింది కాదు. ఎవరో ఏదో చేస్తే వచ్చింది అసలే కాదు." సాయంత్రం రాసుకునే పూత, కొన్నాళ్ళు మింగే మాత్రలు రాసింది. మొదట్లో మండుతుందని, తోలు లేస్తుందని, అయినా మానొద్దని, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలని చెప్పింది. "గుంటలు పడకముందే రావడం మంచిదైంది. కొంతమందికి వంశంలో ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా..." అంటూ తలెత్తి నా వైపు చూసి ఆగిపోయింది.

"నాకే," అన్నాను.

"మీకంటే ముందు?"

"తెలీదమ్మా," అన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు.

నాకు అరవై దాటాయి. ఆ డాక్టరమ్మ చెప్పినవేవీ నేను వినని సంగతులు కావు. పేపర్లో చదివాను, బళ్ళో సైన్సు చెప్పే వాళ్ళ నోట విన్నాను. కానీ ఒక ఆడపిల్ల ముఖాన్ని చేత్తో పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, ఇది జబ్బు, ఎవరి తప్పూ కాదు అని ఒక మనిషి చెప్పగా నేను చూడటం అదే మొదటిసారి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా ఇంట్లో ఆ ఐదు నిమిషాల మాట లేకపోవడం వల్ల ఏమేం జరిగిందో ఆ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే తలుచుకున్నాను.

అప్పుడు నాకు పదహారేళ్ళు. రోజూ ఊరి నుంచి బస్సులో మార్కాపురం వచ్చి ఇంటర్ చదువుతున్నాను. మాది మట్టిమిద్దె. ముందు అరుగు, లోపల ఒక పెద్ద వసారా, వెనక పశువుల కొట్టం. నాయన, అమ్మ, నాయనమ్మ, నేను, అప్పటికి ఇంకా బళ్ళో కూడా వేయని రమణ. నాయనమ్మను మేము జేజి అనేవాళ్ళం. తెల్లవారేసరికి జేజి అరుగు మీద సాన పెట్టుకుని కూర్చునేది. గిద్దలూరు అడవి వైపు నుంచి ఎవరో ఎప్పుడో తెచ్చిచ్చిన ఎర్రచందనం చెక్క ఒకటి, జాజికాయ ఒకటి, పసుపుకొమ్ము ఒకటి ఆమె దగ్గర చిన్న గుడ్డలో మూటగట్టి ఉండేవి. పాలచుక్కలు వేస్తూ ఒకదాని తర్వాత ఒకటి అరగదీసి, ఆ గంధాన్ని వేలి కొసతో నా ముఖం మీద అద్దేది. ఆరిన తర్వాత చర్మం బిగుసుకుని, నవ్వితే పగుళ్ళు పట్టేది. నవ్వే సందర్భాలు ఎలాగూ తక్కువే. ఒకరోజు పెసరపిండితో, ఒకరోజు ఎండు బీరపీచుతో రుద్దేది. ఇంకెవరో చెప్పారని నిద్ర లేవగానే పళ్ళు తోముకోకుండా నా ఉమ్మినే నా ముఖానికి పూసుకోమంది. అదీ చేశాను. ఇప్పటికీ జాజికాయ వాసన తగిలితే పాయసం గుర్తుకు రాదు నాకు. పొద్దుటిపూట అరుగు, జేజి వేలి గరుకు, చీము పట్టిన గడ్డల మీద పడే ఆ నొప్పి గుర్తుకొస్తాయి.

అమ్మది వేరే దారి. ఆమె లెక్కలో ఇదంతా వేడి. ఇంట్లో అందరూ సంగటిలోకి శనక్కాయల పచ్చడి వేసుకుంటే నాకు మజ్జిగ. వేసవి వస్తే మామిడికాయ నా కంట పడకుండా దాచేది. ఊరగాయ లేదు, కోడిగుడ్డు లేదు, బెల్లం లేదు. పరగడుపున వేపాకు రసం. నేను వాంతి చేసుకుంటే, లోపలి చేదంతా పోతోందని సంతోషపడేది. రాత్రి పడుకున్నప్పుడు గడ్డలు పగిలి దిండుగుడ్డకు అంటుకునేవి. వీపు మీద కూడా లేచేవి కాబట్టి రవికెలు మరకలయ్యేవి. అమ్మ ఆ గుడ్డల్ని మిగతా వాళ్ళ గుడ్డలతో కలపకుండా విడిగా నానబెట్టి, విడిగా ఉతికి, పెరట్లో ఎవరికీ కనపడని మూలన ఆరేసేది. నన్ను ఒక్క మాట అనేది కాదు. ఆ మూలన ఆరే గుడ్డల్ని చూస్తే చాలు, నేనేదో చేయకూడనిది చేశాను కాబోలు అనిపించేది.

బస్సులో అందరిదీ ఒకటే ప్రశ్న. నాకు తెలియని వాళ్ళు, నా పేరు కూడా అడగని వాళ్ళు, టికెట్టు తీసుకుని సర్దుకుని కూర్చుని, "ఏందమ్మే, మొగమంతా అట్ల పేలింది? వేడి చేసిందా?" అనేవాళ్ళు. ఒకామె మంగు అనేది, ఒకామె దిష్టి అనేది. ఇంకొకామె పక్కామె చెవిలో ఏదో చెప్పి నవ్వేది. అది మాత్రం నాకు వినపడకపోయినా అర్థమయ్యేది. కాలేజీలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు షమీమ్. వాళ్ళ నాయనది మార్కాపురంలో గాజుల దుకాణం. ఆమె ముఖం నా ముఖం కంటే ఎక్కువ పేలి ఉండేది. మేమిద్దరం వెనక బల్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. "మా అమ్మీ రోజూ ముల్తానీ మట్టి పూస్తాది, మీ జేజి గంధం పూస్తాది. మనిద్దరికీ పూసిన దాంతో ఒక గోడ కట్టొచ్చు," అనేది షమీమ్. ఆ రెండేళ్ళలో నేను కడుపారా నవ్విన నవ్వులు ఆమె దయే.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది నాయన. నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ సాయంత్రం పొలం నుంచి రాగానే, కాళ్ళు కడుక్కుంటూనే, "ఏమ్మా, ఈపొద్దు ఏం చెప్పినారు కాలేజీలో?" అని అడిగేవాడు. నేను చెప్పేదాంట్లో ఆయనకు ఎంత అర్థమయ్యేదో తెలియదు. ముఖంలోకి చూస్తూ వినేవాడు. ఆ ఏడాది ఎండాకాలం వచ్చేసరికి ఆయన చూడటం మానేశాడు. అడిగినా, దూలం వైపు చూస్తూ అడిగేవాడు. నేను అన్నం పెట్టడానికి వంగితే తల పక్కకు తిప్పుకునేవాడు. నా ముఖం చూస్తే నాయనకు అసహ్యంగా ఉంది అనుకున్నాను. వేరే ఎవరు చూడకపోయినా ఓర్చుకునేదాన్నేమో. ఆ దెబ్బకు కాలేజీ మానేస్తానని అమ్మతో చెప్పాను. అమ్మ ఏడ్చింది గానీ వద్దనలేదు.

అసలు సంగతి అంతకు ముందు చలికాలంలో జరిగింది. కంది కోసి, కట్టలు కట్టి, చేలోనే కుప్ప వేస్తున్నాం. సెలవు రోజు కాబట్టి నేనూ పోయాను. ఒక కట్ట ఎత్తబోయేసరికి దాని కింద నుంచి నాగుపాము లేచింది. నా పాదానికి జానెడు దూరంలో పడగ విప్పింది. నేను పెట్టిన అరుపు నాకే వినిపించలేదు. "కదలాకమ్మా! యాడిదాడ నిలబడు!" అని నాయన కేక వినిపించింది. అంతే, కర్ర పడింది. మళ్ళీ పడింది. పాము చుట్టలు చుట్టుకుని, విడిపోయి, ఆగిపోయింది. చీకటి పడుతోందని నాయన దాన్ని కర్రతో ఎత్తి గట్టు అవతల పారేసి, నన్ను భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

జేజి విని మండిపడింది. "నాగుబామును కొట్టి గట్టు అవతల పారేసొచ్చినావా? పాలు పోసి, నెయ్యి పోసి కాల్చాల్నని తెలీదా నీకు?"

"బిడ్డ కాలికాడ పడగెత్తింది మా. ఆ టయానికి ఏం తోస్తాది?"

"తోచలేదంటే అది ఊరుకుంటుందా? పగబట్టిందంటే నీ ఒంటికి రాదు. నీ బిడ్డల ఒంటి మీదికి వస్తాది."

తెల్లవారి నాయన పోయి వెతికాడు. నక్కలో కుక్కలో లాక్కెళ్ళినట్టున్నాయి, పాము లేదు. నేను ఆ మాటల్ని అక్కడే మర్చిపోయాను. నా ముఖం నిండా గడ్డలు లేచింది ఆ తర్వాత రెండు మూడు నెలలకు. నాయన మర్చిపోలేదని నాకు చాలా రోజుల వరకు తెలియదు. ఆయన చెప్పులు వేసుకోవడం మానేసింది కూడా అప్పుడే. ఎవరైనా అడిగితే, "అరిగిపోయినాయి, కొత్తవి కుట్టించుకోవాల," అనేవాడు. అందరూ నమ్మారు.

కాలేజీ మానేస్తానన్న తర్వాత నాయన నన్ను మార్కాపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పట్లో చర్మానికంటూ వేరే డాక్టరు ఈ చుట్టుపక్కల లేడు. జ్వరాలకు చూసే ఆయనే అన్నిటికీ చూసేవాడు. బల్ల నిండా జనం. మా వంతు వచ్చాక, ఆయన నా ముఖం వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ రాసుకుంటున్న చీటీ వైపు తల దించుకున్నాడు. "వయసు మొటిమలు. దీనికి మందేంది? పెళ్ళి చెయ్యి, పోతాయి," అన్నాడు. వరుసలో ఉన్న ఒకరిద్దరు నవ్వారు. నాయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. కూతురి ముందు ఆ మాట వినాల్సి రావడం ఆయనకు ఎంత సిగ్గో, నా ముందు నడుస్తున్న ఆయన వీపు చూస్తేనే తెలిసింది. బయటికొచ్చి గోలీసోడా కొట్టించి నా చేతికిచ్చాడు. ఆయన తాగలేదు. ఎండలో, కాలే రోడ్డు మీద వట్టి కాళ్ళతో నిలబడి, నేను తాగేదాకా దుకాణం పైకప్పు చూస్తూ ఉన్నాడు. ఆ డాక్టరును నేనిప్పుడు తిట్టుకోను. ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆయన ఆ రోజు వేరే ఏ మాట అన్నా బాగుండేది.

ఆ మరుసటి సోమవారం త్రిపురాంతకం పోదాం, మొక్కుంది అన్నాడు నాయన. ఇద్దరమే పోయాం. కొండ మీది గుడికి మెట్లెక్కాం. దర్శనం అయ్యాక నన్ను మండపంలో కూర్చోమని, ఇప్పుడే వస్తానని గుడి వెనక్కి పోయాడు. ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ పోయాను. అక్కడ గోడ వారన నాగశిలలు వరుసగా ఉన్నాయి. నాయన వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. రాతి మీద పాలు పోసి, వెండితో చేయించిన చిన్న పడగ ఒకటి పెట్టాడు. నేను వెనక నిలబడింది ఆయన చూడలేదు. పక్కన మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు.

"సామీ, దాన్ని కొట్టింది నేను. కాల్చకుండా పారేసింది నేను. ఆ పిల్ల బయపడి అరిచింది, అంతే. ఎయ్యాలంటే నా మొగాన ఎయ్యి. దాని మొగం ఇడిచిపెట్టు. అది నున్నగయ్యేదాకా నేను చెప్పులు తొడగను."

నేను చప్పుడు చేయకుండా మండపంలోకి వచ్చి కూర్చున్నాను. నా ముఖం చూడలేకపోయింది అసహ్యంతో కాదని అప్పుడు తెలిసింది. చూసిన ప్రతిసారీ తను చేసిన పని కనిపిస్తోంది ఆయనకు. నాకు ఏడుపు రావాలి, రాలేదు. పెద్ద బరువేదో దిగి, అంతకంటే పెద్ద బరువు ఎక్కినట్టయింది.

తిరుగు బస్సులో ఆగలేక అన్నాను. "నాయనా, పాముకంటే ముందే నా నుదుటి మీద వచ్చినాయి. నువ్వు చూడలేదు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. నేను విన్నానని అర్థమైంది. కిటికీ వైపు తిరిగి, "అయి చిన్నయి. అయి కావు," అన్నాడు.

"మా కాలేజీలో షమీమ్ ఉంది గదా, దానికి నాకంటే ఎక్కువున్నాయి. వాళ్ళ నాయన గాజులమ్ముకునే మనిషి. పాముల జోలికే పోయుండడు."

"వాళ్ళింట్లో ఏం జరిగిందో నీకు చెప్తారా?"

"చానా మందికొస్తాయి నాయనా."

ఆయన ఇటు తిరిగి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి, నా ముఖంలోకి నేరుగా చూశాడు. "అయితే ఎందుకొస్తాయో నువ్వు చెప్పమ్మా. సదువుకుంటున్నావు గదా," అన్నాడు.

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. నేను చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వేడి అని అమ్మ అనేది, చెడ్డ రక్తం అని జేజి అనేది, పెళ్ళి అని డాక్టరు అన్నాడు. వాటిలో ఏది చెప్పినా పాముకు సరితూగదు. నాయన కాసేపు ఎదురుచూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

కాలేజీ మాత్రం మానలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడో ఒక పుస్తకంలో ఉండకపోదు అనే పంతం ఒకటి పట్టుకుంది. జవాబు దొరకలేదు గానీ చదువు ముందుకు నడిచింది. టీచర్ ట్రైనింగ్ చేశాను. అర్ధవీడు వైపు ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. డాక్టరు చెప్పినట్టు పెళ్ళితో పోలేదు, పెద్దదాని కాన్పు దాకా అవి నాతోనే ఉన్నాయి. మా ఆయన వాటి గురించి ఎప్పుడూ మంచీ చెడూ అనలేదు. అది ఆయన మంచితనమో, పట్టనితనమో నేను తేల్చుకోలేదు. ఇరవై ఆరో ఏటో ఏడో ఏటో, వాటంతట అవే ఒక్కొక్కటిగా వాడిపోయాయి. కొత్తవి రావడం ఆగిపోయింది. బుగ్గల మీద, కణతల దగ్గర గుంటలు మిగిలాయి.

అవి ఇంక రావని గట్టిగా నమ్మకం కుదిరాక, కాలికి సరిపోయే కొలతతో కొత్త తోలు చెప్పులు కొని ఊరికి పోయాను. "నాయనా, తగ్గిపోయినాయి. సంవత్సరమైంది, ఒక్కటి రాలేదు. ఇంక తొడుక్కో," అని ఆయన ముందు పెట్టాను. నాయనకు అప్పటికి చూపు కొంచెం మందగించింది. నన్ను అరుగు మీద వెలుతురులోకి రమ్మని, ముఖం దగ్గరికి ముఖం పెట్టి, ఒక బుగ్గ తర్వాత ఒక బుగ్గ చూశాడు. చూసి, చెప్పుల్ని మెల్లగా పక్కకు జరిపాడు.

"ఇంకా ఉన్నాయి గదమ్మా," అన్నాడు.

ఇవి మచ్చలు నాయనా, జబ్బు పోయింది, దాని జాడ మిగిలింది అని ఎన్ని విధాలుగానో చెప్పాను. నున్నగయ్యేదాకా అని మొక్కుకున్నాడు కదా. నున్నగా కాలేదు. ఆయనకు అంతే తెలుసు. ఆ గుంటలు పోయేవి కావని, ఆ మొక్కు ఎప్పటికీ తీరదని నాకు తెలుసు. ఆ రాళ్ళనేలలో, తుమ్మముళ్ళలో, వేసవిలో కాలిపోయే గట్ల మీద ఆయన వట్టి కాళ్ళతోనే తిరిగాడు. ఊళ్ళో అది ఆయన అలవాటు అనుకున్నారు. రమణకు ఊహ తెలిసేసరికే అట్లా ఉండేది కాబట్టి వాడూ అలవాటే అనుకున్నాడు. ముసలితనంలో షుగరు వచ్చింది. పాదంలో ముల్లు దిగి విరిగిన సంగతి ఆయనకు తెలియనే లేదు, స్పర్శ పోయింది. మేము చూసేసరికి కాలు నల్లబడింది. ఒంగోలు ఆసుపత్రిలో మోకాలి కింది నుంచి తీసేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్ని రోజులు నేనే ఊళ్ళో ఉండి ఆయనకు స్నానం చేయించాను. ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతుంటే, భుజాల మీద, వెన్ను పొడుగునా వేళ్ళకు గుంటలు తగిలాయి. పాతవి, తోలు రంగులో కలిసిపోయినవి. "ఏంది నాయనా ఈ గుంటలు?" అన్నాను. "వయసులో ఉన్నప్పుడు గడ్డలు లేసినాయిలే. మీ జేజి వేపాకు నూరి పూసేది," అన్నాడు. నేను సరేనని నీళ్ళు పోశాను. ఆ మాటను అక్కడే వదిలేశాను. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు.

మీకంటే ముందు ఎవరికైనా అని డాక్టరమ్మ అడిగినప్పుడు తెలియదన్నాను. మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా ఆ తడి వీపు నా వేళ్ళకు గుర్తొచ్చింది. నాయన అనుకున్నది ఒక విధంగా నిజమే. ఆ గడ్డలు నాకు ఆయన నుంచే వచ్చాయి. కానీ కందిచేలో కర్ర ఎత్తినందుకు కాదు. ఆయనకు నేను పుట్టినందుకు వచ్చాయి, ఆయన పొడుగూ, ఆయన పెద్ద చెవులూ వచ్చినట్టే. ఈ మాట ఆ బస్సులో చెప్పగలిగి ఉంటే ఏమనేవాడో. బహుశా నవ్వేవాడు. తన చెవుల మీద ఆయన తనే జోకులు వేసుకునేవాడు.

ఇప్పుడు అన్నీ మెరుగే అని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. డాక్టరు ఉంది, మందు ఉంది, వాడితే తగ్గుతుంది. అయినా హారిక బయటికి రాగానే మాస్కు మళ్ళీ పెట్టుకుంది. ఫోన్లో దాని వయసు పిల్లల ముఖాలన్నీ అద్దాల్లా నున్నగా ఉంటాయి. అవి అట్లా ఉండవని, ఫోనే అట్లా దిద్దుతుందని దానికి నాకంటే బాగా తెలుసు. తెలిసీ చూస్తూనే ఉంటుంది. రాత్రిళ్ళు మేలుకున్నందుకు, బేకరీ తిండి తిన్నందుకు వచ్చాయని వాళ్ళమ్మ తిడుతుంది. తనే ఏదో పాడు చేసుకున్నానని ఈ పిల్ల అనుకుంటుంది. అప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క నేరం మోశారు. ఇప్పుడూ మోస్తున్నారు. నేరాల పేర్లు మారాయి, అంతే. నాకు అలసటగా ఉన్నది అందుకే.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రమణ ఫోన్ చేశాడు. వాడు మామూలుగా పిల్లతోనే మాట్లాడి పెట్టేస్తాడు. ఆ రోజు నన్ను పిలవమన్నాడంట.

"డాక్టరు ఏమనిందక్కా?"

"మందులిచ్చింది. తగ్గిపోతాయిరా. నెలకోసారి చూపియ్యాల."

"అది గాదు." వెనక ఎక్కడో గేదె అరుపు వినిపిస్తోంది. "ఎందుకొచ్చినాయంట?"

"వయసులో వస్తాయిరా. ఎందుకడుగుతున్నావు?"

"మన చేలో బోరు నీళ్ళు మంచివి కావంటారు గదా. అందరూ వద్దన్నా అక్కడ బోరేయించింది నేనే. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళే తాగింది. మల్లా మిరపకు మందు కొట్టొచ్చి ఆ గుడ్డలతోనే ఎత్తుకునేవాణ్ణి దాన్ని." గేదెను ఒకసారి అదిలించాడు. "దాని మొగం చూస్తే నాకు అదే మనసులో పడ్తాంది. అందుకే నెల నుంచి మార్కాపురం రాలేదు."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఈసారి నా దగ్గర జవాబు ఉంది.

"ఒరే రమణా, నా మాట విను. నీ బోరు కాదు, నీ మిరపమందు కాదు, పిల్ల తిన్న తిండి కాదు. చర్మం కింద నూనె ఊరి, దారి మూసుకుపోయి, చీము పడుతుంది. నాకు వచ్చినాయి, నాయనకు వచ్చినాయి, దానికి వచ్చినాయి. జ్వరం లాంటి జబ్బు ఇది. మందుంది. నువ్వేం చెయ్యలేదురా."



"ఇంకోసారి చెప్పక్కా," అన్నాడు.

ఈసారి తొందరపడకుండా, ఒక్కొక్క మాటే, మొదటి నుంచి చెప్పాను.